ముందు పరకలు, తర్వాతే కొర్రమట్ట: పెరటి కుంట డైరీ

జనవరి 17

సంక్రాంతి సెలవుల్లో పతంగులు వదిలేసి గుంత తవ్వించినవాణ్ని హైదరాబాద్ బోడుప్పల్ మొత్తంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఇంటి వెనక ఖాళీ జాగాలో 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అంటే సరిగ్గా 20 గజాలు. "గజం రేటు ఎంతుందో తెలుసా? 20 గజాలు చేపలకు రాసిచ్చారు" అని మా ఆవిడ మొదటిరోజే లెక్క తేల్చేసింది.

5 అడుగుల లోతు అనుకున్నాను. మూడున్నర అడుగుల దాకా మొరం బాగానే వచ్చింది. ఆ తర్వాత గడ్డపార ఖంగుమంది. ఈ ఊళ్లో బోరో, పునాదో, సెప్టిక్ ట్యాంకో తవ్వించిన ప్రతివాడికీ తెలిసిన చప్పుడే అది. కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఇద్దరు కూలీలు, రెండు గడ్డపారలు దాన్ని ఏం చేస్తాయి? ఒక చివర 4 అడుగులు దొరికింది, రెండో చివర 2 అడుగులకే బండ. ఆ రోజు ఉసూరుమన్నాను గానీ, రాత్రి పడుకుని ఆలోచిస్తే ఆ ఎత్తుపల్లమే మంచిదనిపించింది. లోతు పెద్ద చేపకు, మెరక చిన్న చేపల కాన్పులకు.

సగటు లోతు 3 అడుగులు అనుకుంటే 540 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. 15 వేల లీటర్ల పైచిలుకు.

ఇంతకీ పెంచాలనుకున్నది కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప. మా వైపు కొర్రమట్ట అంటారు. సంపులోనో ట్యాంకులోనో వేసి గుళికల మేతతో పెంచేవాళ్లు ఊరి చుట్టూ చాలామందే ఉన్నారు. నాకు ఆ పద్ధతి వద్దు. దాని తిండి అదే వేటాడి తినే కుంట కావాలి. నల్లగొండ జిల్లాలో మా మామగారి చుట్టూ ఉన్నవాళ్లంతా వలలు పట్టినవాళ్లే. ఫోన్ చేసి, పిల్లలు ఎక్కడ దొరుకుతాయని అడిగాను.

"పిల్లలు దొరుకుతయి గని అల్లుడా, నీ గుంతల ఏమున్నది దానికి? నీ మొకం చూస్కుంట కూసుంటదా? ఆకలైతె తోటి పిల్లనే మింగుతది."

"ముందు ఏం వెయ్యాలె మామా?"

"పరకలు ఎయ్యి. అవి ఒక్క కాన్పన్న ఈనినంక మాట్లాడుదాం."

పరకలంటే చెరువుల్లో ఉండే చిన్న చేపలు. అమెరికాలో బాస్ అనే వేట చేపల చెరువులు కట్టేవాళ్ల పద్ధతీ ఇదే. ముందు బ్లూగిల్, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలను వదిలి, అవి పిల్లలు పెట్టి నిలదొక్కుకున్నాక, కొన్ని నెలల తర్వాత బాస్‌ని దింపుతారు. చదివినప్పుడు అదేదో కొత్త సంగతి అనుకున్నాను. మామగారు ఒక్క ముక్కలో చెప్పి ఫోన్ పెట్టేశారు.

జనవరి 26

నీళ్లు ఇంకిపోకుండా గుంతలో ప్లాస్టిక్ షీటు వేశాం. కొలత లెక్క ఇలా: పొడవుకు రెండు లోతులు కలిపి, అంచుకు ఇంకో 2 అడుగులు. వెడల్పుకూ అంతే. నాకు 28 అడుగులకు 20 అడుగులు వచ్చింది. రాణిగంజ్‌లో 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు కొన్నాను. కింద 2 అంగుళాల ఇసుక, దాని మీద మా అమ్మ పాత చీరలు, ఆపైన షీటు. మొరంలో మొనదేలిన రాళ్లు ఉంటాయి, నీటి బరువు పడితే షీటును లోపల్నుంచి పొడుస్తాయి. చీరల దగ్గర పిసినారితనం చేయలేదు. ఒక్క జరీ చీర మాత్రం మా ఆవిడ గుంతలోకి దిగి మరీ వెనక్కి తెచ్చుకుంది.

షీటు మీద 3 అంగుళాల ఎర్రమట్టి. నల్లటి ప్లాస్టిక్ మీద నేరుగా నీళ్లు పోస్తే అది తొట్టి అవుతుంది, కుంట కాదు. పురుగు పుట్ర బతకాలన్నా, మొక్క వేరు పట్టాలన్నా అడుగున మట్టి ఉండాలి.

ఫిబ్రవరి 4

బోరు నీళ్లతో నింపాను. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 900 దగ్గర, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 దాటితే క్షారం) 8.1. నల్లా నీళ్లు మెత్తనివే గానీ క్లోరిన్ ఉంటుంది. వాడాలంటే డ్రమ్ముల్లో రెండు రోజులు ఎండలో ఉంచాలి, లేదా హైపో స్ఫటికాలు వేయాలి. 15 వేల లీటర్లకు ఆ యాతన ఎవడు పడతాడు?

చేపల చెరువు అనగానే అందరూ సున్నం చల్లమంటారు. సున్నం పుల్లటి నేలలకు. నా నీళ్లు ముందే 8 దాటి ఉన్నాయి, వాటికి మళ్లీ సున్నం ఎందుకు? చల్లలేదు.

పేడ మాత్రం వేశాను. హెక్టారుకు 2 టన్నుల లెక్కన నా 17 చదరపు మీటర్లకు మూడున్నర కిలోలకు లోపే. గోనెసంచిలో కట్టి ఒక మూల వేలాడదీశాను, సారం మెల్లగా దిగుతుందని. దానికి తోడు రాత్రంతా నానబెట్టిన అర కిలో వేరుశనగ చెక్క.

ఫిబ్రవరి 15

నీళ్లు పచ్చబడ్డాయి. చూసిన ప్రతివాళ్లూ "అయ్యో, పాచి పట్టింది, కడిగించు" అంటున్నారు. ఆ పాచి కోసమే కదా ఈ పాట్లన్నీ. ఆ పచ్చదనాన్ని తినే నీటి పురుగులు, ఆ పురుగులను తినే పరక పిల్ల, దాన్ని తినే కొర్రమట్ట. కింది మెట్టు లేకుండా పై మెట్టు నిలబడదు.

పచ్చదనం ఎంతుండాలో చూడ్డానికి చేపల రైతులు చేసే పరీక్షే చేస్తున్నాను: మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనీకనపడనట్టు ఉండాలి. బాగా కనిపిస్తే ఇంకొంచెం ఎరువు, మణికట్టు దగ్గరే మాయమైతే ఎరువు బంద్. ఈ రోజు గాజుగ్లాసులో నీళ్లు ముంచి ఎండకు ఎత్తి చూస్తే తెల్లటి చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాఫ్నియాలనే నీటి పురుగులు. మా అమ్మాయి స్కూలు మైక్రోస్కోపు పట్టుకొచ్చింది, హోంవర్కు అటకెక్కింది.

ఫిబ్రవరి 22

పక్కింటి ఆంటీ గోడ మీంచి తొంగిచూసి, "బాబూ, దోమలొస్తాయేమో చూస్కో" అంది. ఆవిడ మాటకు విలువిచ్చి అనుకున్న దానికంటే ముందే గప్పీలు దింపాను. అక్వేరియం షాపులో రంగులేని, ఎవరూ కొనని గప్పీలు 60. మూడు ఆడవాటికి ఒక మగదాని చొప్పున ఏరుకున్నాను, షాపువాడు విసుక్కున్నాడు. గప్పీ గుడ్డు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. నాలుగు వారాలకో కాన్పు, ఒక్కసారి మగదాన్ని కలిస్తే చాలు, ఆ తర్వాత రెండు మూడు కాన్పులు మగతోడు లేకుండానే.

దోమలకు గంబూసియా వేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అది దోమ పిల్లలను బాగానే తింటుంది. కానీ పక్క చేపల రెక్కలు కొరుకుతుంది, గుడ్లనూ పిల్లలనూ తింటుంది. పరకలు ఈనాల్సిన కుంటలో దానికి చోటు లేదు. జిలేబీ చేప సంగతీ ఆలోచించాను. అది ఏడాది పొడుగునా ఈనుతుంది, కొన్ని దేశాల్లో దాని సంతతిని అదుపులో ఉంచడానికే కొర్రమట్ట జాతిని వదులుతారు. కానీ నా కొర్రమట్టలు ఎదిగేలోగా జిలేబీలు వాటి నోట పట్టనంత పెరిగి కూర్చుంటాయి. వద్దనుకున్నాను. రవ్వ, బొచ్చె పిల్లలు చవకే గానీ నిలవ నీళ్లలో ఈనవు. వేసినవి తిన్నాక ఖాళీ. మళ్లీ కొనుక్కోవడమే.

మార్చి 9

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. నీళ్లు పొద్దున 24 డిగ్రీలు.

మామగారు ఊరి చెరువు నుంచి పరకలు పంపారు. ఆక్సిజన్ నింపిన రెండు కవర్లు, ఇంచుమించు 300 చేపలు. తోక మొదట నల్లచుక్క ఉన్న వెండి పరకలు, వాటిల్లో కలిసి పొడుగు మీసాలున్న సన్న చేపలు కొన్ని, నాలుగైదు చిన్న రొయ్యలు. కవర్లను అరగంట నీళ్ల మీద తేలనిచ్చి, గ్లాసు గ్లాసు కుంట నీళ్లు కలుపుతూ వదిలాను. చెరువు మెత్తటి నీళ్లలో పుట్టినవి ఒక్కసారిగా నా బోరు నీళ్లలో పడితే తట్టుకోలేవు. అయినా మూడు రోజుల్లో 40 దాకా తేలిపోయాయి. ప్రయాణంలో పొలుసు రాలిన చేప బతకడం కష్టం.

ఇక్కడ ఒక తప్పు చేశాను. ఆ రోజు నాకు తెలియలేదు. రెండో కవరును టబ్బులో పోసి ఒక్కో చేపా చూసుకుని వదలాల్సింది. పొద్దుపోయింది, డ్యూటీకి టైమవుతోంది. కవరు అలాగే బోర్లించాను.

మార్చి 30

గప్పీ పిల్లలు మెరక వైపు గుంపులు గుంపులుగా. పరకలకు సాయంత్రం తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో ముద్ద చేసి మూకుడులో పెట్టి దింపుతున్నాను. మూకుడు ఖాళీగా వస్తే సరి, మిగిలితే మర్నాడు సగమే.

లకుముకి పిట్ట ఒకటి బట్టలారేసే తీగను దత్తత తీసుకుంది. రోజుకు నాలుగైదు గప్పీలు. పోనీ అనుకుంటున్నాను. దాని అందం దానిది.

ఏప్రిల్ 19

ఏదో తేడాగా ఉంది. మెరక వైపు గుంపులు పలచబడ్డాయి. లకుముకి ఎంత తిన్నా ఇంత తినదు. పిల్లిని అనుమానించి వల కట్టాను, తేడా లేదు. ఓ నీరుకట్టె పాము కనిపిస్తే దోషి దొరికిందనుకున్నాను. అదేమో కప్పల కోసం వచ్చినట్టుంది, రెండు రోజులు ఉండి వెళ్లిపోయింది. తూనీగ పిల్లలూ చేప పిల్లలను పట్టి తింటాయి. చేతివలతో అడుగు గీరి 30 దాకా ఏరేశాను. అయినా అంతే.

ఏప్రిల్ 27

తెల్లవారుజామున 5 గంటలకు దొంగ దొరికింది. దొరికిందంటే, వినపడింది.

నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందేమో చూద్దామని వెళ్లాను. ఎండాకాలం తెల్లవారుజామున పచ్చటి కుంటల్లో అది మామూలే. రాత్రంతా ఆ పచ్చదనం కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి, పొద్దు పొడిచే ముందు గాలి అడుగంటుతుంది. అప్పుడు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కానీ పరకలు ఒక్కటీ పైన లేవు. టీ గ్లాసుతో గట్టు మీద కూర్చున్నాను. లోతు మూల నుంచి "గుటుక్" మని చప్పుడు. కాసేపాగి, అదే మూల, మళ్లీ "గుటుక్".

పరక పైకొచ్చి గాలి మింగదు. గాలి మింగేది మట్ట జాతి.

మామగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వు ఆపడానికే కాసేపు పట్టింది. "బురదమట్ట పిల్ల వచ్చుంటది సంచిల. వేలంత పిల్ల, పరకల నడుమ ఎవడు గుర్తువడ్తడు? రెండు నెలల సంది నీ ఇంట్ల పెండ్లిభోజనం తింటున్నది."

కొర్రమట్టను మూడు నెలలుగా ఆపి కూర్చున్న నేను, దాని తమ్ముణ్ని మార్చిలోనే విందుకు పిలిచానన్నమాట.

గేలానికి వానపాము గుచ్చి వేశాను. అదే సాయంత్రం ఒకటి, మర్నాడు ఇంకొకటి. రెండూ జానెడుకు కాస్త తక్కువ. పొట్ట కోసి చూస్తే ఒకదాంట్లో నాలుగు గప్పీలు, ఒక పరక తల. మూడోది గేలం ముఖం చూడలేదు. గుటుక్ మాత్రం ఆగలేదు.

మే 11

మూడోదాని కోసం కుంటను సగానికి పైగా తోడాల్సి వచ్చింది. మోటారు మూతికి దోమతెర కట్టి, తోడిన నీళ్లు మామిడి చెట్టుకు పెట్టి, మిగిలిన నీళ్లలో నేనూ మా అమ్మాయీ చీర పట్టుకుని లాగాం. (జరీ లేని చీరే.) మూడో బురదమట్ట చీరలో పడినట్టే పడి ఎగిరి గట్టు మీద దూకింది, అక్కణ్నుంచి మల్లెచెట్టు మొదట్లోకి పాక్కుంటూ పోయింది. ఆ పాకడం చూశాక ఒకటి నిశ్చయించుకున్నాను: కొర్రమట్టలను దింపే ముందు కుంట మీద వల కప్పాల్సిందే. అవి ఇంతకు రెండింతలు ఎగురుతాయి.

పరకలు చేత్తో లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి: 118. మార్చిలో 300 వేసినవి.

మే 24

రేపట్నుంచి రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు. నా పీహెచ్ మీటరు పగిలేలా ఉంది: మధ్యాహ్నం 8.9. పై నీళ్లు 33 డిగ్రీలు. ఎండ, పచ్చదనం కలిస్తే పీహెచ్ ఇలాగే ఎగబాకుతుంది. పీహెచ్, వేడి రెండూ ఎక్కువైన నీళ్లలో కొద్ది అమ్మోనియా అయినా విషమే. చెక్క ముద్ద పూర్తిగా ఆపేసి తవుడు పిడికెడే వేస్తున్నాను. సగం కుంట మీద ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టాను.

రోజుకు దాదాపు సెంటీమీటరు నీళ్లు ఆవిరైపోతున్నాయి. వినడానికి ఏమీ లేదు, లెక్కేస్తే రోజుకు 165 లీటర్లకు పైమాటే. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు. మళ్లీ బోరు నీళ్లు పోస్తే మళ్లీ ఉప్పు. టీడీఎస్ 1,200 దాటింది. వాన కోసం నాలాగా ఎదురుచూసేవాడు ఈ కాలనీలో ఇంకొకడు లేడు.

జూన్ 8

మృగశిర కార్తె. ఈ రోజు చేప తినని ఇల్లు హైదరాబాద్‌లో తక్కువ. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం క్యూలు, అక్కడ మందుతో పాటు గొంతులోకి జారేవి కూడా కొర్రమీను పిల్లలే. రామ్‌నగర్ మార్కెట్‌కు వెళ్తే కాలు పెట్టే సందు లేదు. టబ్బుల్లో కొర్రమట్టలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఒక అమ్మ దగ్గర వేలెడంత పిల్లలు కూడా కనిపించాయి.

"తీస్కపో అన్నా, రేపటికి దొరకయి. 20 తీస్కో, రేటు తగ్గిస్త."

జేబులో చెయ్యి పెట్టి కూడా తీసేశాను. ఇంట్లో ఉన్నది 118 పరకలు. 20 కొర్రమట్టలు వాటిని పక్షం రోజుల్లో ఊడ్చేస్తాయి. అరకిలో చేప కోయించుకుని ఇంటికొచ్చాను. పక్కనే ఇంకొకతను "మార్పు పిల్లలున్నయి, జల్దీ పెరుగుతయి" అని పిలిచాడు. చూస్తే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలు. మన దేశంలో నిషేధం ఉన్న చేప అది. పొరపాటున నాలాలో పడితే ఇక అంతే.

జూన్ 16

రాత్రంతా వాన. కొలిచాను, కుంట 4 అంగుళాలు పెరిగింది. పైకప్పు నీళ్లు కూడా పైపు పెట్టి కుంటలోకి మళ్లించాను కాబట్టి అంత. టీడీఎస్ 1,000 కిందికి దిగింది.

వాన నీళ్లు పడ్డ తర్వాత పరకల వాలకమే మారింది. మెరక వైపు గుర్రపుడెక్క వేళ్ల చుట్టూ తరుముకుంటున్నాయి. గుర్రపుడెక్క అంటే మన చెరువులకు పట్టిన పీడే. నేను కూడా నాలుగు మొక్కలే పెట్టి, ఐదోది రాగానే పీకేస్తున్నాను. కానీ గుడ్లు అంటించుకోవడానికి ఆ వేళ్ల కుచ్చులాంటిది ఇంకొకటి లేదు. సాయంత్రం ఒక కుచ్చు ఎత్తి చూస్తే సగ్గుబియ్యంలో పదో వంతు కూడా లేని గుడ్లు, గాజుపూసల్లా.

తొందరగా మెరకకూ లోతుకూ మధ్య పావు అంగుళం కన్ను ఉన్న జాలీ అడ్డం పెట్టాను. ఈ కుంటకు ప్రాణం ఆ జాలీయే. రేపు పెద్ద చేప అటు రాలేదు, చిన్న పిల్ల ఇటు రాగలదు.

జూలై 10

ఈ రోజు జాతీయ చేపల రైతుల దినోత్సవమట. 1957లో ఇదే రోజున మన దేశంలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు మేజర్ కార్పులకు (రవ్వ, బొచ్చె లాంటి చేపలకు) పిట్యూటరీ గ్రంథి రసం సూది వేసి గుడ్లు పెట్టించారు. అంతకుముందు రవ్వ, బొచ్చె పిల్లలు కావాలంటే నదికి వెళ్లి ఏరుకోవాల్సిందే. నా పరకలకు సూదీ మందూ అక్కర్లేదు, ఒక్క మంచి వాన చాలు. జాలీ వెనక కనుగుడ్లు తప్ప ఒళ్లు కనపడని పిల్లలు వందల్లో. గుడ్డు పచ్చసొన ఉడికించి పలచటి గుడ్డలో పిండి రోజుకు రెండుసార్లు.

ఆగస్టు 3

లెక్క పెట్టే రోజు. తోడకుండా కుంటలో ఎన్ని చేపలున్నాయో తెలుసుకోవడానికి ఓ పద్ధతి ఉంది. జూలై 31న అంగుళం దాటిన పరకలను 64 పట్టాను. తోక పై కొస పిసరంత కత్తిరించి వదిలాను, మళ్లీ పెరుగుతుంది. ఈ రోజు ఇంకో 75 పట్టాను. వాటిలో తోక తెగినవి 6. అంటే 64ను 75తో హెచ్చవేసి 6తో భాగిస్తే 800.

118 నుంచి 800! ఆ ఆనందం మా ఆవిడ చిట్టీల నోట్‌బుక్ చివరి పేజీలో మిగతా లెక్క వేసేదాకే ఉంది. సగటున ఒక్కోటి 3 గ్రాములు, మొత్తం 2.4 కిలోలు. వేట చేప ఒక కిలో ఒళ్లు చేయాలంటే మోటు లెక్కకు 5 కిలోలకు తక్కువ కాకుండా చిన్న చేప తినాలి, 10 అనేవాళ్లూ ఉన్నారు. నేను కలగన్నది 20 కొర్రమట్టలు, ఒక్కోటి అరకిలో. అంటే 10 కిలోలు. వాటికి తిండి 50 కిలోలు. నా దగ్గర రెండున్నర.

జనవరిలో 20 గజాల్లో 20 చేపలు ఇరుకవుతాయా అని ఆలోచించాను. జాగా గురించి ఆలోచించానే తప్ప కంచం గురించి ఆలోచించలేదు.

ఆగస్టు 5

రెండు రాత్రులు తిప్పితిప్పి వేశాను లెక్క. అలబామాలోని ఆబర్న్‌లో స్వింగిల్ అనే ఆయన 1950లో ఒక కొలత చెప్పాడు: కుంట సమతూకంగా ఉండాలంటే వేట చేపలు కిలో ఉన్నప్పుడు మేత చేపలు 3 నుంచి 6 కిలోలు ఉండాలి. అది బాస్, బ్లూగిల్ చెరువులకు కట్టిన లెక్క, నా కుంటకు అచ్చంగా సరిపోతుందని కాదు. అయినా చేతిలో వేరే కొలబద్ద లేదు. 2.4 కిలోల పరకలంటే మొత్తం కొర్రమట్టలు 800 గ్రాములు దాటకూడదు. 6 చేపలైతే ఒక్కోటి 130 గ్రాముల వరకు పర్లేదు. ఆ తర్వాత ఒకటో రెండో కూరలోకి వెళ్లాలి, లేదా పరకలు ఇంకో కాన్పు వేసి కంచం పెద్దది చేయాలి.

"ఆరు చేపల కోసమా ఇదంతా?" అంది మా ఆవిడ.

ఎనిమిది వందల ఆరు, అన్నాను. నవ్వలేదు.

ఆగస్టు 18

6 కొర్రమట్ట పిల్లలు హేచరీ నుంచి వచ్చాయి. అన్నీ నాలుగున్నర, ఐదు అంగుళాల మధ్య. అర అంగుళం పొట్టిగా ఉన్నదాన్ని వెనక్కిచ్చి ఇంకొకటి అడిగాను. కొర్రమట్టల్లో చిన్నది పెద్దదానికి తిండే. ఈసారి కవరును టబ్బులో పోసి ఒక్కోదాన్నీ చూసుకుని, ఉప్పు నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి మరీ వదిలాను.

ఐదు అంగుళాల వేట చేప తన పొడవులో మూడో వంతు, అంటే అంగుళంన్నర వరకు ఉన్న చేపను మింగగలదని మోటు లెక్క. నా పెద్ద పరకలు రెండున్నర అంగుళాలున్నాయి. తల్లులు ఇప్పటికి భద్రం. పోయేది పిల్లలే.

పైన వల బిగించాం. నీళ్లకూ వలకూ మధ్య అడుగున్నర జాగా ఉంది. పొర్లి పోయే పైపుకు దోమతెర, దాని ముందు కంకర బుట్ట. వానాకాలంలో ఇక్కణ్నుంచి ఒక్క గప్పీ కూడా నాలాలోకి పోకూడదు.

ఆగస్టు 20

రెండు రోజులుగా ఏమీ లేదు. ఆరూ గుర్రపుడెక్క నీడలో కర్రముక్కల్లా పడున్నాయి. పరకలు వాటి ముక్కు ముందునుంచే తిరుగుతున్నాయి.

ఆగస్టు 21

సాయంత్రం ఆరున్నరకు నీళ్ల మీద పరకల గుంపు ఒక్కసారిగా గుప్పెడు చిల్లర విసిరినట్టు చెదిరింది. మా అమ్మాయి కేకకు పక్కింటి ఆంటీ గోడెక్కింది. అప్పటిదాకా గుంపుగా తిరిగినవి, ఆ తర్వాత పావుగంట గట్టును అంటిపెట్టుకునే ఉన్నాయి.

సెప్టెంబరు 14

రెండో లెక్క. ఈసారి తోక కింది కొస కత్తిరించాను, పాత గుర్తుతో కలవకుండా. 60కి గుర్తు పెట్టి, మూడు రోజుల తర్వాత 70 పడితే గుర్తున్నవి 6. అంటే 700. వంద తగ్గాయా? ఏమో. 6కు బదులు 7 పడి ఉంటే లెక్క 600 అయ్యేది. గుర్తులు ఇంత కొద్దిగా దొరికినప్పుడు ఆ వంద తేడాను నమ్మను. వచ్చేసారి 150కి గుర్తు పెట్టాలి.

జాలీ వెనక మాత్రం రెండో కాన్పు పిల్లలు కళ్లకే కనిపిస్తున్నాయి. వాటికి లెక్క అక్కర్లేదు.

సెప్టెంబరు 28

నిన్నటి వానకు బాదం ఆకులు పొర్లు పైపు తెరను మూసేశాయి. నీళ్లు గట్టు అంచు దాకా వచ్చాయి. రాత్రి 11కు గొడుగు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఆకులు ఏరాను. తెర చుట్టూ ఇంకో పెద్ద జాలీ బుట్ట కట్టాలి, ఆదివారం పని.

పొద్దున 5 గంటలకు టీ గ్లాసుతో గట్టు మీద. నీళ్లు మసకగా ఉన్నాయి, ఏదీ కనపడదు. కొర్రమట్టలను లెక్కపెట్టే దారి ఇప్పుడు ఒక్కటే. లోతు మూలన "గుటుక్". పైపు దగ్గర ఒకటి. గుర్రపుడెక్క కింద రెండు, వెంటవెంటనే. కాసేపాగి నడిమధ్యన ఇంకోటి.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఆరూ ఉన్నాయా?" అంది.

"ఐదు. మాట్లాడకు, ఆరోది రావాలి."